మూడో పెట్టెలో దోమలు

1961 అక్టోబరు 17, మంగళవారం ఉదయం ఏడు గంటలకు ఖాజావలి ఒక క్యాప్సూల్ విప్పి, దోమలకు పెట్టే పంచదార నీళ్లలో ఆ పొడి కలిపాడు. ఎవరికీ చెప్పలేదు.

చీరాల నుంచి మార్టూరు పోయే దారిలో చింతలగుంటపాలెం ఉంది. ఊరి చివర ఒక పెంకుటింట్లో మలేరియా శాఖ వాళ్లు మకాం పెట్టారు. ఊళ్లో దాన్ని దోమల ఆఫీసు అంటారు. అధికారి పేరు జక్రయ్య. మిషన్ బళ్లో చదువుకుని, గుంటూరులో బీయస్సీ పాసయ్యాడు. ఆయన కింద పనిచేసేవాడు ఖాజావలి ఒక్కడే. పొద్దున్నే గొడ్లసావిళ్లలోకి పోయి, గోడల మీద వాలిన దోమల్ని గాజుగొట్టంతో పీల్చి పట్టుకొచ్చేవాడు. నెల రోజుల నుంచి వాటి గుడ్లు పొదిగించి, జాలీ పెట్టెల్లో పెంచే పని కూడా వాడి మీదే పడింది. ఉద్యోగం తాత్కాలికం. మూడు నెలలకోసారి పొడిగిస్తూ ఉత్తరువు వచ్చేది.

ఆ పెంపకానికి కారణం జ్వరం. ఊరికి తూర్పున క్రైస్తవ కూలీల పల్లె ఉంది. పల్లెలో పద్నాలుగు కుటుంబాలు రెండేళ్లు మాచర్ల దగ్గర ఆనకట్ట పనికి పోయి, సెప్టెంబరులో తిరిగొచ్చాయి. వచ్చిన వారానికే జోసఫ్ అనే అతనికి చలిజ్వరం పట్టుకుంది. తర్వాత ఇంకో ఐదుగురికి వచ్చింది. నెల తిరక్కముందే ఊళ్లో రైతుల ఇళ్లల్లో కూడా రెండు జ్వరాలు తేలాయి. పల్లెవాళ్ల రక్తం తాగిన దోమ ఊళ్లోకొచ్చి కుడుతోందని రైతులు అన్నారు. అదే నిజమైతే మిరపకోతకు వాళ్లను పిలవబోమన్నారు. కోతకు వచ్చిన కూలీలు కాయ ఎండి బస్తాకెక్కేదాకా కల్లంలోనే పడుకుంటారు. కల్లం పక్కనే రైతు ఇల్లు, గొడ్లసావిడి.

జక్రయ్యగారు ఆ మాట ఒప్పుకోలేదు. ఇక్కడి గొడ్లసావిడి దోమ మలేరియా మోస్తుందని ఎక్కడా రుజువు కాలేదని ఆయన చెప్పాడు. ఊళ్లో జ్వరం వచ్చిన ఇద్దరిలో ఒకడు తానే మాచర్ల వెళ్లి వచ్చాడని కూడా చెప్పాడు. పెద్ద రైతు వెంకటనారాయణ ఆయన ఎదుటే అన్నాడు.

"పల్లెవాళ్లు మీ వాళ్లు కదండీ డాక్టరుగారూ. మీరు అట్టాగే అంటారు."

జక్రయ్యగారు డాక్టరు కాదు. ఆ సంగతి చెప్పలేదు. "పరీక్ష చేసి చూపిస్తాను" అని మాత్రం అన్నాడు.

పరీక్ష ఇది. జ్వరం తగ్గిన తర్వాత కూడా కొందరి రక్తంలో మలేరియా పురుగు నెలవంక ఆకారంలో మిగిలి ఉంటుంది. దోమకు అంటేది ఆ రూపమే. జోసఫ్ రక్తంలో నెలవంకలు ఉన్నాయి. ఊరి దోమల్ని పెట్టెలో పెంచి జోసఫ్‌ను కుట్టించాలి. తొమ్మిది రోజులు బతికించి, తర్వాత వాటి కడుపులు కోసి చూడాలి. పురుగు పెరిగితే కడుపు గోడ మీద పొక్కులు కనబడతాయి. అందాకా నెలవంకల్ని చంపే బిళ్ల జోసఫ్‌కు ఇవ్వకూడదు. జోసఫ్ సరే అన్నాడు. రోజుకో గ్లాసు పాలు, కోడిగుడ్డు ఇచ్చేవారు.

మొదటి పెట్టె దోమలు ఆరో రోజుకు చచ్చాయి. రెండో పెట్టెలో తొమ్మిదే మిగిలాయి. తొమ్మిదింటి కడుపుల్లోనూ ఏమీ లేదు. తొమ్మిది దోమలతో ఏదీ తేలదని జక్రయ్యగారు అన్నాడు. పంచదార నీళ్ల దూదిని వాసన చూసి ఖాజావలి వైపు తిప్పాడు.

"పులిసిన కల్లు వాసనొస్తోంది. నువ్వు తాగుతావా దీన్ని?"

"రెండు పూటలా మారుస్తున్నానండి."

"మూడో పెట్టె కూడా చస్తే డిసెంబరు ఉత్తరువు నేను అడగలేను ఖాజావలీ. ఏమని రాయను?"

ఖాజావలి పుట్టింది చీరాలలో. తండ్రి దూది ఏకేవాడు. ఇంటికి రెండు వైపులా మగ్గాలే. నూలుకు పెట్టే గంజి పులవకుండా, బూజు పట్టకుండా మగ్గాలవాళ్లు అందులో చిటికెడు మైలుతుత్తం వేసేవాళ్లు. పులిసేదేదైనా సరే, అందులో ఏదో ఒకటి వెయ్యాలని వాడికి చిన్నప్పటి నుంచీ తెలుసు. ముందు మైలుతుత్తమే తెచ్చాడు. విడిగా సీసాలో ఆరు దోమలకు పెట్టి చూస్తే మధ్యాహ్నానికి ఆరూ చచ్చాయి. అప్పుడు భార్య మౌలాబీ మందు గుర్తొచ్చింది. ఆమె కాలికి గడ్డ లేస్తే సర్కారు ఆస్పత్రిలో టెట్రాసైక్లిన్ క్యాప్సూళ్లు పన్నెండు ఇచ్చారు. చీము పుట్టించే పురుగుల్ని చంపే మందని కాంపౌండరు చెప్పాడు. గడ్డ ఎనిమిదింటికే మానింది. నాలుగు మిగిలాయి. చీమునైనా పులుపునైనా ఒకే జాతి పురుగు పుట్టిస్తుందనుకున్నాడు ఖాజావలి. అర లీటరు నీళ్లకు ఒకటి కలిపాడు. ఆ నీళ్లు మూడు రోజులున్నా పులవలేదు. దోమలు చావలేదు.

అక్టోబరు 21 సాయంత్రం ఆరు గంటలకు జోసఫ్ వచ్చి బల్ల ముందు కూర్చుని, మోచేతి దాకా చెయ్యి పెట్టెలో పెట్టాడు. ఖాజావలి పెట్టె మీద నల్లగుడ్డ కప్పాడు.

"నా పెళ్లికి రెండొందల మంది తిన్నారబ్బాయ్" అన్నాడు జోసఫ్. "అది మా మామ ఖర్చు. ఈ భోజనాలు నా ఖర్చే."

"కదలమాక. లేచిపోతాయి."

"తిని లేచిపోయేవాళ్లని ఆపేదెవడు? పెళ్లిలో అయినా అంతేగా."

ఇరవై నిమిషాల తర్వాత చెయ్యి తీశాడు. దద్దుర్ల మీద ఖాజావలి కొబ్బరినూనె రాశాడు. బిళ్ల ఎప్పుడిస్తారని జోసఫ్ అడిగాడు. ఈ పెట్టె తేలాక, అన్నాడు ఖాజావలి. ఆ మాట జోసఫ్‌కు చెప్పడం అది మూడోసారి.

అక్టోబరు 30, సోమవారం నాడు జక్రయ్యగారు మూడో పెట్టె విప్పాడు. ముప్పై నాలుగు దోమలు బతికి ఉన్నాయి. ఒక్కో దోమనీ గాజుపలక మీద ఉప్పునీటి బొట్టులో పెట్టి, రెండు సూదులతో తోక కొస లాగితే కడుపు బయటికొస్తుంది. పదకొండు గంటలకు ఆయన కుర్చీ వెనక్కి జరిపి ఖాజావలిని పిలిచాడు.

"చూడు."

ఖాజావలి సూక్ష్మదర్శినిలోకి చూశాడు. సంచి లాంటిది ఒకటి కనబడింది. దాని గోడకు ఏడెనిమిది గుండ్రటి పొక్కులున్నాయి.

"ఇదేనండీ?"

"ఇదే."

సాయంత్రానికి ముప్పై నాలుగూ పూర్తయ్యాయి. పదమూడింటిలో పొక్కులున్నాయి. జక్రయ్యగారు చేతులు కడుక్కుంటూ ఇంకో మాట అన్నాడు.

"వెనకటి దోమల కడుపు చిదిమితే నీరంతా బాక్టీరియా కుమ్ములాట. కుడితి తొట్టి కలబెట్టినట్టుండేది. ఈసారి కడుపులు కడిగినట్టున్నాయి. పెంపకం అంటే ఇదీ. నీ పేరు కూడా రాస్తాను."

చెప్పాల్సిన సమయం అది. ఖాజావలికి అది తెలుసు. "అంతా మీ దయండి" అన్నాడు. గాజుపలకలు తీసుకుని పెరట్లోకి పోయి, కడిగినవాటినే మళ్లీ కడిగాడు.

ఆ సాయంత్రమే జక్రయ్యగారు వెంకటనారాయణ ఇంటికి నడిచి వెళ్లాడు. నెలరోజులు కాదన్నవాడు తనే కాబట్టి అవునని చెప్పాల్సిందీ తనేనని ఆయన అనుకున్నాడు. తన వాళ్లని దాచాడన్న మాట రాకూడదనుకున్నాడు. ఊరి దోమ మోస్తుందని చెప్పి వచ్చాడు. మర్నాడు జోసఫ్‌కు బిళ్ల ఇచ్చారు.

నవంబరు 5, ఆదివారం రైతులు కూర్చుని మాట అనుకున్నారు. ఈ ఏడు మిరపకోతకు పల్లె నుంచి ఎవర్నీ పిలవకూడదు. అద్దంకి వైపు నుంచి మనుషుల్ని తెచ్చుకోవాలి. గుడిలో ప్రార్థన ముగిసి బయటికొస్తున్న పల్లెవాళ్లకు ఆ కబురు అందింది.

సోమవారం ఉదయం జోసఫ్ భార్య పున్నమ్మ దోమల ఆఫీసుకు వచ్చింది. జక్రయ్యగారు గుంటూరు వెళ్లాడు. ఖాజావలి దూది చిక్కు తీస్తున్నాడు.

"తమ్ముడూ, ఒక మాట అడుగుతా చెప్పు. మా ఆయన చెయ్యి మూడుసార్లు పెట్టాడా లేదా?"

"పెట్టాడక్కా."

"మీ దోమలు మా రక్తం తాగే బతికాయా లేదా?"

"తాగాయి."

"మరి అవే వచ్చి మా నోటికాడి కూడు తీసెయ్యమని చెప్పాయా? గుడ్డు పెట్టి, పాలు పోసి, చెయ్యి అడిగితే మంచికేననుకున్నాం. పల్లెంతా మమ్మల్ని అంటోంది. మీ ఆయన చెయ్యి పెట్టకపోతే ఈ గోలే లేదుగదా అంటున్నారు. నేనేం చెప్పాలి వాళ్లకి?"

ఖాజావలి దూది వైపే చూస్తున్నాడు.

"నువ్వు తల ఎత్తవేంది? నిన్ను తిట్టలేదుగా. నువ్వు జీతగాడివి, నీకేం తెలుసు."

ఆమె కళ్లు పచ్చగా ఉన్నాయి. పది రోజుల కిందట తనకూ జ్వరం వచ్చి తగ్గిందని చెప్పింది. ఖాజావలి సూది తీసి ఆమె వేలి నుంచి రక్తం గాజుపలక మీదికి తీశాడు. అది వాడి పని. ఆమె వెళ్లిపోయాక రంగు వేసి చూశాడు. నెలవంకలు కనబడ్డాయి.

ఆ రాత్రి అన్నం దగ్గర మౌలాబీ క్యాప్సూళ్ల గురించి అడిగింది. కాలు మళ్లీ సలుపుతోందని చెప్పింది.

"గూట్లో నాలుగుండాలి. ఒక్కటీ లేదు. ఎవరికిచ్చావయ్యా?"

"దోమలకి."

మౌలాబీ పకపకా నవ్వింది. "దోమలకి గడ్డలు లేచాయా?" అంది. మొగుడు నవ్వకపోయేసరికి ఆపింది. వాడు మొత్తం చెప్పాడు. మందు కలిపిన పెట్టెలోనే పొక్కులొచ్చాయని, కలపని పెట్టెల్లో రాలేదని, ఎందుకో తనకు తెలియదని చెప్పాడు.

"తెలియనిదాన్ని పోయి ఏమని చెబుతావు?" అంది మౌలాబీ.

"కలిపానని చెబుతా."

"చెప్పమాక. పిల్లకి ఆర్నెల్లు. డిసెంబరు ఉత్తరువు రానీ ముందు."

ఖాజావలి ఆ మాట విన్నాడు. మంగళవారం చెప్పలేదు. జక్రయ్యగారు గుంటూరు నుంచి వచ్చి, రిపోర్టు చిత్తుప్రతి రాయడం మొదలుపెట్టాడు. పై అధికారులు మెచ్చుకున్నారని చెప్పాడు. పెంపకం గురించిన పేరాలో "శ్రీ ఖాజావలి శ్రద్ధ వల్ల" అని రాసి చదివి వినిపించాడు. ఖాజావలి నమస్కారం పెట్టాడు.

నవంబరు 8, బుధవారం ఉదయం పున్నమ్మ స్లైడు ఫలితం చెప్పడానికి జక్రయ్యగారి గదిలోకి వెళ్లాడు. ఫలితం చెప్పాడు. బయటికి రాలేదు.

"ఇంకేమిటి?"

"పంచదార నీళ్లలో మందు కలిపానండి. మూడో పెట్టెకి."

జక్రయ్యగారు కలం కింద పెట్టాడు. ఏ మందు అని అడిగాడు. ఎన్ని నీళ్లకు ఎంత, ఏ రోజు నుంచి ఏ రోజు దాకా, మొదటి రెండు పెట్టెలకు కలిపాడా లేదా అని అడిగాడు. ఒక్కో జవాబూ కాగితం మీద రాశాడు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండునని ఖాజావలికి అనిపించింది.

"ఆ బాక్టీరియా ఊరికే లేదు కడుపులో" అన్నాడాయన చివరికి. "అది ఉన్నచోట మలేరియా పురుగు నిలవలేకపోతోందేమో. నువ్వు దాన్ని చంపేసరికి చోటు దొరికింది. గొడ్లసావిట్లో దోమకి మందు ఎవడూ పోయడు. అంటే మనం చూసింది ఊరి దోమని కాదు. నాకు అనుమానమే ఇది. అనుమానాన్ని రాయకూడదు."

"తప్పయిపోయిందండి."

"కలపడం తప్పు కాదు. ఆ రోజే చెప్పి ఉంటే అదే ఒక కొత్త సంగతి. ఇద్దరం కలిసి చూసేవాళ్లం. కడుపులు కడిగినట్టున్నాయని నేను అంటే నువ్వేమన్నావు? నా దయ అన్నావు."



జక్రయ్యగారు చిత్తుప్రతి మడిచి సొరుగులో పెట్టాడు. "నేను మాత్రం? తొందరపడి ఆ సాయంత్రమే వెంకటనారాయణ అరుగు మీదికి పోయాను" అన్నాడు. ఆ మాట తనలో తాను అనుకున్నట్టే అన్నాడు.

మళ్లీ పరీక్ష చెయ్యాలంటే నెలవంకలున్న మనిషి కావాలి. జోసఫ్ బిళ్ల మింగేశాడు. మిగిలింది పున్నమ్మ. అడగడానికి ఖాజావలినే పంపాడు జక్రయ్యగారు. వాడు పల్లెకు పోయి, ఆమె గడప దగ్గర నిలబడి, చేసిందంతా చెప్పి, మళ్లీ పరీక్షకు ఆమె చెయ్యి కావాలన్నాడు. జోసఫ్ మంచం మీది నుంచి లేచాడు.

"నా చేతికి కొబ్బరినూనె రాశావురా నువ్వు. అప్పుడైనా చెప్పాలనిపించలేదా?"

"అప్పటికి ఇట్టా అవుతుందని తెలియదు."

"తెలిశాక?"

పున్నమ్మ చీపురు పక్కన పెట్టింది.

"సోమవారం నేను అంత మొత్తుకున్నా నోరెత్తలేదే. దూది చిక్కు తీసుకుంటా కూర్చున్నావు. ఎప్పుడు రావాలి?"

"శనివారం."

"నీ కోసం కాదు. పల్లె కోసం వస్తా. గుడ్డూ పాలూ నాకొద్దు."

నవంబరు 11న ఆమె వచ్చింది. ఒకే పళ్లెంలో పెరిగిన దోమల్ని రెండు పెట్టెలుగా విడదీశారు. ఒకదానికి వట్టి పంచదార నీళ్లు, ఒకదానికి మందు కలిపినవి. క్యాప్సూళ్లు జక్రయ్యగారు చీరాలలో కొనుక్కొచ్చాడు. వట్టి నీళ్ల పెట్టెకు పూటకు నాలుగుసార్లు దూది మార్చాడు ఖాజావలి. పున్నమ్మ రెండు చేతులూ రెండు పెట్టెల్లో పెట్టింది. ఏ పెట్టెలో మందుందని అడిగింది. ఎడమ చేతిదని చెప్పాడు. చేతులు తీయగానే ఆమెకు బిళ్ల ఇచ్చారు.

నవంబరు 20న కోశారు. మందు కలిపిన పెట్టెలో ముప్పై ఎనిమిది దోమలకు పదిహేనింటిలో పొక్కులున్నాయి. వట్టి నీళ్ల పెట్టెలో నలభై ఒక్క దోమలున్నాయి. నలభై దాకా ఏమీ లేదు. నలభై ఒకటో దాని కడుపు గోడ మీద ఒక్క పొక్కు ఉంది. జక్రయ్యగారు దాన్ని మూడుసార్లు చూశాడు. ఖాజావలిని కూడా చూడమన్నాడు.

"ఒకటుందండి" అన్నాడు ఖాజావలి.

"ఉంది. ఒకటని రాయి."

"దీన్ని చెబితే రైతులు…"

"ఈసారి కూడా దాద్దామా?"

ఖాజావలి ఒకటని రాశాడు.

నవంబరు 24, శుక్రవారం సాయంత్రం వెంకటనారాయణ అరుగు మీద తొమ్మిది మంది రైతులు కూర్చున్నారు. జక్రయ్యగారు ఫలితం చదివాడు. తర్వాత ఖాజావలిని ముందుకు రమ్మన్నాడు. వాడు మెట్టు కింద నిలబడి, క్యాప్సూల్ సంగతి మొదటి నుంచీ చెప్పాడు. మైలుతుత్తం సంగతి చెప్పేటప్పుడు ఎవరో నవ్వారు.

"ఏరా ఖాజా, మీ అయ్య దూదిలో రాయి పెట్టి తూకం వేశాడని ఎన్నడూ వినలేదే. నీకెక్కడిది ఈ విద్య?" అన్నాడు వెంకటనారాయణ.

ఇంకొకాయన అందుకున్నాడు. "మాకు తేలు కుడితే మందుకి చీరాల పోవాల. దోమలకి మాత్రం ఇంట్లోనే వైద్యం!"

అందరూ నవ్వారు. ఖాజావలి నవ్వు ఆగేదాకా నిలబడ్డాడు.

"పల్లెవాళ్ల మీద వచ్చిన మాట నా వల్ల వచ్చిందండి. వాళ్ల తప్పు లేదు. మందు లేని దోమ మోయదు…" అని ఆగాడు. "మోయడం తక్కువండి. నలభై ఒకటికి ఒకటి."

"ఒకటుందిగా మరి?" అన్నాడు వెంకటనారాయణ.

"ఉందండి."

"ఆ ఒకటి మా సావిట్లో ఉంటేనో?"

జ్వరమున్న వాళ్లందరికీ బిళ్లలు ఇచ్చామని, ఇప్పుడు పల్లెలో ఎవరి రక్తంలోనూ నెలవంకలు లేవని, తాగడానికి పురుగు లేనప్పుడు దోమ మోసేదేమీ లేదని జక్రయ్యగారు చెప్పాడు. వెంకటనారాయణ విన్నాడు.

"మీరు పోయిన నెల ఇదే అరుగు మీద ఇంకో మాట చెప్పారండి" అన్నాడు. "అద్దంకి వాళ్లకి నేను మాట ఇచ్చేశాను. మాట తప్పితే బాగోదుగా. మిగతా రైతుల సంగతి వాళ్లిష్టం."

పాత రిపోర్టు పోలేదు. కొత్త రిపోర్టు నవంబరు 29న పోయింది. అందులో మందు ఎవరు కలిపిందీ, ఎప్పుడు చెప్పిందీ తేదీలతో ఉంది. డిసెంబరు ఉత్తరువులో ఖాజావలి ఉద్యోగాన్ని మూడు నెలలు పొడిగించారు. ఆ కాగితాన్ని వాడు ఇంట్లో చూపించలేదు. పొడిగించారని మాత్రం మౌలాబీకి చెప్పాడు.

1962 జనవరి 4, గురువారం చింతలగుంటపాలెంలో మిరపకోత మొదలైంది. అద్దంకి వైపు నుంచి మూడు బళ్లలో మనుషులు వచ్చారు. పల్లెలోని పద్నాలుగు కుటుంబాల్లో నాలుగింటిని ఇద్దరు రైతులు పిలిచారు. జోసఫ్‌ను, పున్నమ్మను ఎవరూ పిలవలేదు. వాళ్లు మాచర్ల పనికే తిరిగి పోదామనుకున్నారు. జనవరి 8న ఖాజావలి వెళ్లి ఇద్దరి వేళ్ల నుంచీ రక్తం తీసుకున్నాడు. 9న వాళ్లు చీరాలలో రైలెక్కారు. ఆ రెండు స్లైడులనూ జక్రయ్యగారు 10వ తేదీ ఉదయం చూశాడు. రెండింటిలోనూ ఏమీ లేదు.